వినికిడి లేని విద్యార్థి – బర్క్‌లీ పాఠాల చరిత్ర

2017 మార్చి 15వ తేదీ నుండి అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖ, లోకమంతటికీ ఉచితంగా అందుబాటులో ఉంచిన 20,000కు పైగా ధ్వని, దృశ్య పాఠాలను బహిరంగ వీక్షణ నుండి తొలగించనారంభించింది. ఆ పాఠాలలో దోషాలున్నాయని ఎవరూ అనలేదు. వివాదమంతా వినికిడి లోపం, చూపు లోపం గలవారికి ఆ పాఠాలు అందుతున్నాయా లేదా అన్నదే. కనుక ఈ చరిత్ర ఆరోగ్య వ్యాసాల నడుమ చెప్పదగినదే.

పాఠం గది దాటిన విధము

తొలినాళ్ళలో అంతర్జాలం ద్వారా ఒక ప్రసంగం వినాలంటే మొత్తం దస్త్రం మన కంప్యూటరులోకి దిగేవరకు వేచి ఉండవలసి వచ్చేది. 1995లో రియల్ ఆడియో వంటి సాధనాలు రావడంతో ఈ ఇబ్బంది తగ్గింది. ధ్వనిని చిన్న చిన్న పొట్లాలుగా విభజించి పంపుతారు. కొన్ని చేరగానే వినిపించడం మొదలవుతుంది, వింటూ ఉండగా మిగిలినవి వచ్చి చేరుతూ ఉంటాయి. గోలెం నిండేదాకా ఆగకుండా కుళాయి కింద దోసిలి పట్టి తాగడం వంటిది ఈ పద్ధతి. దీనికే స్ట్రీమింగ్ అని పేరు.

విశ్వవిద్యాలయాలు ఈ సదుపాయాన్ని త్వరగానే అందిపుచ్చుకున్నాయి. ఆచార్యుడు తన ప్రసంగాన్ని విశ్వవిద్యాలయపు సర్వరులో ఉంచితే, ఆ పాఠం తరగతి విద్యార్థులకు మాత్రమే కనిపించాలా, అందరికీ కనిపించాలా అన్నది నిర్ణయించుకొనే వీలు అందులో ఉంటుంది. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ తన పాఠ్యసామగ్రిని లోకానికి ఉచితంగా ఇస్తానని 2001 ఏప్రిల్‌లో ప్రకటించింది. బర్క్‌లీ కూడా ఆ కాలంలోనే తరగతి ప్రసంగాలను అంతర్జాలంలో అందించసాగింది. 2007 అక్టోబరులో యూట్యూబులో సంపూర్ణ కోర్సులను ఉంచిన తొలి విశ్వవిద్యాలయంగా పేరు పొందింది. రుసుము లేదు, ప్రవేశ పరీక్ష లేదు. నెట్ సౌకర్యం ఉన్న ఏ ఊరివారైనా బర్క్‌లీ తరగతిలో వెనుక బల్ల మీద కూర్చున్నట్లే.

మాట వచ్చి దూరం చేసిన సందర్భం

ఇక్కడ కొంత వెనుకకు వెళ్ళాలి. మూకీ చిత్రాల కాలంలో సంభాషణలు తెర మీద అక్షరాలుగా కనిపించేవి. వినికిడి లేనివారు, ఉన్నవారు ఒకే హాలులో కూర్చొని ఒకే కథను సమానంగా ఆస్వాదించేవారు. 1927 నుండి అమెరికాలో, 1932లో ‘భక్త ప్రహ్లాద’తో మన తెలుగునాట, తెరకు మాట వచ్చింది. అందరూ సంబరపడిన ఆ మార్పే బధిరులను సినిమాకు దూరం చేసింది. కోల్పోయినదాన్ని తిరిగి పొందడానికి వారికి దశాబ్దాలు పట్టింది. బధిరుల కోసం చిత్రాలకు అక్షరాలు చేర్చే చట్టం అమెరికాలో 1958లో వచ్చింది. 1972లో బోస్టన్ కేంద్రం ఒక వంటల కార్యక్రమాన్ని తెర కింద అక్షరాలతో ప్రసారం చేసింది. కోరినవారికి మాత్రమే కనిపించే అక్షరాల పద్ధతి 1980లో టెలివిజనులో మొదలైంది. వికలాంగుల పట్ల వివక్షను నిషేధించే చట్టం 1990లో వచ్చింది.

ఇంతలో స్ట్రీమింగ్ వచ్చింది. పాత కథ మళ్ళీ మొదలైంది.

ఫిర్యాదు, తీర్పు, తొలగింపు

బధిరుల ఉన్నత విద్యకు ప్రసిద్ధి చెందిన గాలొడెట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు బర్క్‌లీ పాఠాలు తమకు అందడం లేదని అక్కడి జాతీయ బధిర సంఘం ద్వారా ప్రభుత్వానికి ఫిర్యాదు చేశారు. అమెరికా న్యాయశాఖ విచారణ జరిపి 2016 ఆగస్టులో తన అభిప్రాయాన్ని తెలిపింది. అనేక పాఠాలకు అక్షరాలు లేవు. యంత్రం తనంతట తాను చేర్చిన అక్షరాలు నమ్మదగినవిగా లేవు. అంధులకు తెరను చదివి వినిపించే సాధనాలకు కొన్ని పత్రాలు లొంగడం లేదు. ఇది 1990 చట్టానికి విరుద్ధమని ఆ శాఖ తేల్చింది.

విశ్వవిద్యాలయం ముందు రెండు దారులు ఉన్నాయి. ఒకటి, వేల గంటల పాఠాలను మనుషుల చేత సవరింపజేయడం. దానికి పెద్ద ఖర్చు అవుతుంది. రెండవది, పాఠాలను మూసివేయడం. బర్క్‌లీ రెండవ దారి ఎంచుకుంది. పాత పాఠాలను తమ విద్యార్థులు, ఉద్యోగులు మాత్రమే సంకేతపదంతో చూడగలిగేటట్లు మార్చింది.

చాలామంది బధిరులనే నిందించారు. ‘మీకు దక్కలేదని అందరికీ లేకుండా చేశారు’ అన్నారు. ఇది న్యాయమైన మాట కాదు. ఫిర్యాదుదారులు అడిగినది అక్షరాలను, తొలగింపును కాదు. అయితే రెండవ పక్షం బాధనూ తోసిపుచ్చలేము. దూరదేశంలో ఆ పాఠమే ఆధారంగా చదువుకొంటున్న పేద విద్యార్థి చేసిన నేరం ఏమీ లేదు. లక్షలమందికి మేలు చేసే ఉచిత దానంలో కొందరికి వాటా లేకపోతే, ఆ దానాన్ని ఆపాలా, కొనసాగిస్తూ సరిదిద్దాలా? సరిదిద్దడమే సబబని నా అభిప్రాయం. చివరకు చరిత్ర కూడా ఆ వైపే నడిచింది. 2022 నవంబరులో బర్క్‌లీ, న్యాయశాఖ ఒక ఒప్పందానికి వచ్చాయి. అంతర్జాలంలో ఉన్న తమ పాఠాలలో అత్యధిక భాగాన్ని వికలాంగులకు అందేలా చేయడానికి విశ్వవిద్యాలయం అంగీకరించింది. అంతకుముందే 2019లో హార్వర్డ్, 2020లో మసాచుసెట్స్ సంస్థ ఇటువంటి దావాలలోనే రాజీ కుదుర్చుకొని, తమ దృశ్య పాఠాలకు అక్షరాలు చేర్చడానికి ఒప్పుకున్నాయి.

వైద్యుని మాట

వినికిడి లోపం కొద్దిమంది సమస్య అనుకోవడం పొరపాటు. చికిత్స లేదా పునరావాసం అవసరమయ్యేంత వినికిడి లోపం ప్రపంచంలో 43 కోట్ల మందికి ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వయసుతో వచ్చే చెవుడు ముందుగా హెచ్చు స్థాయి ధ్వనులను హరిస్తుంది. అచ్చులు వినిపిస్తాయి, స, ష, ఫ వంటి హల్లులు జారిపోతాయి. అందుకే పెద్దలు ‘మాట వినబడుతోంది, అర్థం కావడం లేదు’ అంటారు. ఔషధ మోతాదు చెప్పే వీడియోలో ‘పదిహేను’, ‘పదహారు’ తారుమారైతే కలిగే అనర్థం ఊహించండి. తెర కింద ఒక వరుస అక్షరాలు ఆ అపాయాన్ని తప్పిస్తాయి.

మన దేశంలో ఐఐటీలు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ఆరంభించిన ఎన్‌పీటీఈఎల్, 2017లో వచ్చిన స్వయం వంటి వేదికలు లక్షలమందికి పాఠాలు అందిస్తున్నాయి. దృశ్య మాధ్యమాలకు అక్షరాలు, సంజ్ఞా భాష, అంధులకు ధ్వని వివరణ ఉండాలని మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షను చెబుతున్నది. బర్క్‌లీ పాఠాలు మూతపడిన మరుసటి నెలలోనే, 2017 ఏప్రిల్‌లో, ఆ చట్టం అమలులోకి వచ్చింది.

కనుక వీడియో పాఠాలు తయారుచేసే అధ్యాపకులకు, వైద్యులకు నా మనవి ఇది. ముందుగా పాఠాన్ని వ్రాసుకొని చదవండి. ఆ ప్రతినే తెర కింద అక్షరాలుగా చేర్చండి. యంత్రం వ్రాసిన తెలుగును నమ్మి వదలకండి. ముఖ్యంగా మందుల పేర్లు, అంకెలు మీరే సరిచూడండి. మాట్లాడేటప్పుడు ముఖం స్పష్టంగా కనిపించనివ్వండి. పెదవుల కదలికను చూసి అర్థం చేసుకొనేవారు చాలామంది ఉన్నారు. ఈ పని పాఠం తయారయ్యే రోజే చేస్తే ఒక పూట శ్రమ. 20,000 పాఠాలు పోగయ్యాక చేయబూనితే ఏమవుతుందో బర్క్‌లీ అనుభవం చూపింది.