మనం నడిచే అడవిదారి వెనక ఎవరున్నారు?

ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చిన అమ్మకో అత్తయ్యకో ఇక్కడ మొదటి నెల గుడి, షాపింగ్, ఆపెరా హౌస్‌తో ఇట్టే గడిచిపోతుంది. రెండో నెల నుంచి ఇల్లే లోకం. పిల్లలు ఆఫీసుకి, మనవలు స్కూలుకి. డ్రైవింగ్ రాదు, పక్కింటివాళ్ళ భాష రాదు. శనివారం అందరూ అడవికి బయల్దేరితే, "మోకాళ్ళ నొప్పులమ్మా, మీరు వెళ్ళి రండి, నేను కార్లో కూర్చుంటాను" అనేస్తారు. అలా కార్లో కూర్చున్న అమ్మలు మన గ్రూపుల్లో ఎంతమందో!

నిజానికి అమ్మలు కూడా హాయిగా నడవగలిగే దారులు ఈ దేశంలో బోలెడున్నాయి. అవి వాటంతటవే మిగల్లేదు. వందేళ్ళ కిందట కొంతమంది పట్టుబట్టి, సొంత డబ్బు పెట్టి, అధికారుల చుట్టూ తిరిగి నిలబెట్టుకున్నవి వాటిలో చాలానే. ఆ కథలో ఆడవాళ్ళ వాటా తక్కువేం కాదు.

మన నడక, వాళ్ళ నడక

మనకి నడక కొత్తేమీ కాదు. అలిపిరి నుంచి తిరుమల మెట్లు ఎక్కినవాళ్ళం, సింహాచలం గిరిప్రదక్షిణ చేసినవాళ్ళం. కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు ఉండనే ఉన్నాయి. అయితే మొక్కు, పండగ ఏదీ లేకుండా ఊరికే అడవిలో నడవడం మనకి కొంచెం కొత్త. ఇక్కడ దాన్నే బుష్‌వాకింగ్ అంటారు. బుష్ అంటే పొద అనుకునేరు, ఆస్ట్రేలియాలో అడవంతా బుష్షే.

ఆ మాట పుట్టకముందే, వేల ఏళ్ళుగా ఇక్కడి ఆదివాసీలు ఈ లోయల్లో నడిచారు. బ్లూ మౌంటెన్స్ దరుగ్, గుండుంగుర్రా ప్రజల నేల. మనం అడుగు పెట్టేది వాళ్ళ వాకిట్లోనే అన్నది మరిచిపోకూడదు.

తెల్లవాళ్ళ నడక క్లబ్బులు ఆ తర్వాత వచ్చాయి. సిడ్నీలో 1914లో మొదలైన మౌంటెన్ ట్రైల్స్ క్లబ్‌లో మగవాళ్ళకే ప్రవేశం. మెల్‌బోర్న్‌లో అంతకుముందు నుంచే ఉన్న నడక క్లబ్బూ మగవాళ్ళదే. "మీరు చేర్చుకోకపోతే మాకేం" అన్నట్టు 1922లో ఆడవాళ్ళే మెల్‌బోర్న్ విమెన్స్ వాకింగ్ క్లబ్ పెట్టుకున్నారు. 1927లో సిడ్నీ బుష్ వాకర్స్ అనే క్లబ్ ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ కలిపి చేర్చుకుంది. మూటలు భుజాన వేసుకుని, గుడారాల్లో పడుకుని, ఆడపిల్లలు రోజుల తరబడి కొండల్లో తిరగడం అప్పట్లో చిన్న విషయం కాదు.

130 పౌండ్లకి కొన్న అడవి

1931 ఈస్టర్ సెలవుల్లో ఈ నడక క్లబ్బులవాళ్ళు కొందరు బ్లూ మౌంటెన్స్‌లోని గ్రోస్ లోయలో దిగారు. అక్కడ ఆకాశాన్నంటే నీలగిరి చెట్ల అడవి ఉంది, పేరు బ్లూ గమ్ ఫారెస్ట్. ఖమ్మం వైపు జామాయిల్ తోటలు చూసినవాళ్ళకి నీలగిరి జాతి తెలుసు. ఆ జాతి పుట్టిల్లు ఈ దేశమే. కాకపోతే ఇక్కడివి ఎవరూ నాటని, వరసలు లేని, చేతులు చాపినా కౌగిట్లో పట్టని పాత చెట్లు.

ఆ నేలని లీజుకి తీసుకున్న రైతు చెట్లన్నీ కొట్టేసి అక్రోటు తోట వేద్దామనుకుంటున్నట్టు వాళ్ళకి అక్కడే తెలిసింది. గొడవ పడలేదు. "లీజు మాకిచ్చేయండి, ఎంత కావాలి?" అని అడిగారు. నవంబరులో వాన కురుస్తుంటే ఆ అడవిలోనే కూర్చుని బేరం మాట్లాడుకున్నారు. 130 పౌండ్లకి కుదిరింది. అవి మహామాంద్యం రోజులు, ఉద్యోగాలు పోయి జనం అల్లాడుతున్న కాలం. అయినా చందాలు పోగుచేసి, కొంత అప్పు తెచ్చి కట్టేశారు. 1932లో ప్రభుత్వం దాన్ని రిజర్వుగా ప్రకటించింది. 1959లో బ్లూ మౌంటెన్స్ నేషనల్ పార్క్ ఏర్పడింది. 2000లో ఈ ప్రాంతానికి ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. ఇంత పెద్ద కథకి మొదట్లో ఉన్నది సెలవురోజున నడవడానికి వెళ్ళిన మామూలు మనుషులు.

మేరీ బైల్స్ అనే లాయరమ్మ

ఆ తరంలో మనం తప్పక తెలుసుకోవాల్సిన పేరు మేరీ బైల్స్. 1900లో ఇంగ్లండ్‌లో పుట్టి, చిన్నప్పుడే అమ్మానాన్నలతో సిడ్నీ వచ్చారు. అంటే ఆమె కూడా మనలాగే వలస వచ్చిన మనిషే. న్యూ సౌత్ వేల్స్‌లో ఆడవాళ్ళు లాయర్లు కావచ్చని చట్టం వచ్చిందే 1918లో. 1924లో అక్కడ సొలిసిటర్‌గా అర్హత పొందిన మొదటి మహిళ ఆమే. పెళ్ళయిన ఆడవాళ్ళ చట్టపరమైన హక్కుల గురించి పత్రికల్లో రాసేవారు. సెలవు దొరికితే కొండలెక్కేవారు.

సిడ్నీకి ఉత్తరాన, గాస్‌ఫర్డ్ దగ్గర సముద్రపు ఒడ్డున ఒక అడవి ఉంది. చిన్నప్పుడు నీళ్ళకి ఇవతలి ఒడ్డు నుంచి దాన్ని చూస్తూ పెరిగారామె. దాన్ని కాపాడాలని ఉత్తరాలు రాసి, అధికారులని కలిసి, నడక క్లబ్బులని కూడగట్టి 1935లో సాధించారు. అదే ఇవాళ్టి బౌడీ నేషనల్ పార్క్. పేరు వినగానే బుద్ధుడు గుర్తొస్తాడు గానీ అది ఆదివాసీల మాట. చిత్రం ఏమిటంటే ఆమెకి తర్వాత నిజంగానే బుద్ధుడి మీద గురి కుదిరింది. 1950లలో ఇండియా వచ్చి బుద్ధుడు తిరిగిన చోట్లన్నీ తిరిగి పుస్తకం రాశారు. సిడ్నీ చెల్టెన్‌హామ్‌లోని తన ఇంటికి 'అహింస' అని మన మాటే పేరు పెట్టుకుని, చుట్టూ ఉన్న అడవితో సహా నేషనల్ ట్రస్ట్‌కి ఇచ్చేశారు. 1979లో కన్నుమూశారు.

ఇంకో సంగతి. నలభై ఏళ్ళు దాటగానే ఆమె పాదం దెబ్బతింది. హిమశిఖరాలు ఎక్కిన మనిషి నడక తగ్గించుకోవాల్సి వచ్చింది. కాళ్ళు సహకరించనివాళ్ళకి అడవి అక్కర్లేదని ఎవరైనా అంటే ఆమె ఒప్పుకునేవారా?

ఇప్పుడు మన వంతు

ఇక్కడ నడకదారులకి 1 నుంచి 5 దాకా గ్రేడ్లు ఇస్తారు. గ్రేడ్ 1 అంటే మెట్లు లేని చదును దారి, తోడుంటే వీల్‌చైర్‌లో కూడా వెళ్ళచ్చు. గ్రేడ్ 2 మామూలుగా నడవగలిగిన ఎవరికైనా సరిపోతుంది, అక్కడక్కడ మెట్లు ఉండచ్చు. గ్రేడ్ 3 నుంచి మోకాళ్ళని అడిగి వెళ్ళాలి.

సిడ్నీవాళ్ళు: బ్లాక్‌హీత్‌లో నేషనల్ పార్క్ విజిటర్ సెంటర్ నుంచి గోవెట్స్ లీప్ వరకు ఫెయిర్‌ఫాక్స్ హెరిటేజ్ వాక్ ఉంది. ఒకవైపు సుమారు 1.8 కిలోమీటర్లు. స్ట్రోలర్, వీల్‌చైర్ వెళ్ళేలా వేసిన దారి. చివర్న కనిపించే లోయే ఆ 130 పౌండ్ల కథ జరిగిన గ్రోస్ లోయ. లోయలోకి దిగే దారులు మాత్రం బాగా నిటారు, అమ్మల్ని దింపకండి. బౌడీకి వెళితే మేరీ బైల్స్ పేరుతో లుకవుట్ ఉంది, కారు ఆపి నాలుగడుగులు వేస్తే చాలు. కింద మెయిట్లాండ్ బేకి దిగడం తేలికే గానీ తిరిగి ఎక్కడం కష్టం.

మెల్‌బోర్న్‌వాళ్ళు: డాండెనాంగ్ అంటే మనవాళ్ళందరూ థౌజండ్ స్టెప్స్‌కే పరిగెడతారు. పెద్దవాళ్ళు ఉంటే షెర్‌బ్రూక్ అడవికి తీసుకెళ్ళండి. ఆకాశమంత చెట్లు, కింద చెట్టంత ఫెర్న్ మొక్కలు. అదృష్టం ఉంటే రకరకాల గొంతులు అనుకరించే లైర్‌బర్డ్ కూడా వినిపిస్తుంది. అసలు నడవలేనివాళ్ళ కోసం పార్క్స్ విక్టోరియా దగ్గర ట్రైల్‌రైడర్ అనే ఒంటిచక్రం కుర్చీ ఉంటుంది. ముందొకరు, వెనకొకరు పట్టుకుని గతుకుల దారిలో కూడా తీసుకెళ్ళచ్చు. ముందుగా బుక్ చేసుకోవాలి.

బయల్దేరే ముందు పార్క్ వెబ్‌సైట్లో దారి తెరిచి ఉందో లేదో చూడండి. వానలకి, మంటలకి తరచు మూసేస్తుంటారు. చెప్పులు కాదు, అమ్మకి బూట్లు వేయించండి. నీళ్ళు, టోపీ, పులిహోర డబ్బా మరవద్దు. కార్తీకం ఇక్కడ వసంతకాలంలో వస్తుంది, పాములు బయటికొచ్చే కాలమే కాబట్టి దారి దిగి గడ్డిలోకి వెళ్ళొద్దు.

ఈసారి వనభోజనాలకి చోటు వెతికేటప్పుడు కారు పార్కింగ్, బార్బెక్యూతో పాటు ఒక గ్రేడ్ 1 దారి కూడా ఉందేమో చూడండి. మగవాళ్ళ క్లబ్బు తలుపు తెరవకపోతే ఆడవాళ్ళు సొంత క్లబ్బు పెట్టుకున్న దేశమిది. మన అమ్మల్ని కార్లోనే కూర్చోబెట్టి రావడం ఏం బావుంటుంది?