కౌజు వేట

కౌజు వేట అనగా కౌజు పిట్టను దీమం, వల, ఉచ్చుల సహాయంతో పట్టే సాంప్రదాయ వేట పద్ధతి. ఇది ఒకప్పుడు తెలంగాణలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలలోని మెట్ట భూములందు, చిట్టడవులందు సాగేది. వసంత ఋతువు చివర, వేసవి ఆరంభంలో మగ కౌజు తన హద్దును చాటుతూ కూసే అలవాటుపై ఈ వేట ఆధారపడి ఉంటుంది. పిట్ట కూయని సంవత్సరం, కూసినా దగ్గరకు రాని సంవత్సరం వేటగానికి వట్టి చేతులే మిగిలేవి. భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఈ వేట నేరం. ఈ వ్యాసం దాని చరిత్రను, పద్ధతిని, సామాజిక నేపథ్యాన్ని వివరిస్తుంది.

పక్షి వివరాలు

కౌజు నేలపై తిరిగే పక్షి. కోడి, నెమలి, పూరేడు పిట్టలు చేరిన ఫాసియానిడే కుటుంబానికే ఇదీ చెందుతుంది. శాస్త్రీయ నామం ఆర్టిగార్నిస్ పాండిసెరియానస్. పాండిచ్చేరి పేరు మీదుగా 1789లో జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త గ్మెలిన్ దీనికి ఈ జాతి నామం పెట్టాడు. పాత నిఘంటువులలో కవుజు అనే రూపం కూడా కనబడుతుంది. తెలంగాణలో ఉర్దూ ప్రభావం వలన దీనిని తీతర్ అని కూడా అంటారు. సంస్కృతంలో దీని వర్గపు పక్షులకు తిత్తిరి అని పేరు. కృష్ణ యజుర్వేదంలోని తైత్తిరీయ శాఖకు ఆ పేరు ఈ పక్షుల కథ నుండి వచ్చిందని పురాణ గాథ. యాజ్ఞవల్క్యుడు వదలిన యజుస్సులను వైశంపాయనుని శిష్యులు తిత్తిరి పక్షుల రూపంలో గ్రహించారని ఆ గాథ చెబుతుంది.

ఈ పిట్ట సుమారు 30 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. ఒళ్ళంతా బూడిద, గోధుమ రంగుల సన్నని చారలుంటాయి. ఎండుగడ్డిలో కదలకుండా కూర్చుంటే పక్కనే నడిచే మనిషికి కూడా కనబడదు. ఆడ, మగ పక్షులు చూడటానికి ఒకేలా ఉంటాయి. మగదాని కాలికి కోడిపుంజుకున్నట్టు ముల్లు ఉంటుంది, ఆడదానికి సాధారణంగా ఉండదు. గింజలు, పురుగులు, చెదలు దీని ఆహారం. ఎక్కువ దూరం ఎగరలేదు. ప్రమాదం ఎదురైనప్పుడు ముందు పరుగెత్తుతుంది, తప్పనప్పుడే రెక్కలు కొట్టుకుంటూ లేచి కొద్ది దూరంలో మరల పొదలో దిగుతుంది. రాత్రిళ్ళు తక్కువ ఎత్తు ముళ్ళ చెట్లపై గుంపుగా నిద్రిస్తుంది.

ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు దీని ప్రధాన సంతానోత్పత్తి కాలం. నేలపై చిన్న గుంటలో గుడ్లు పెడుతుంది.

భౌగోళిక నేపథ్యం

జనగామ వైపు నేల రాతి గుట్టలు, ముళ్ళ పొదలు, మెట్ట చేలతో కూడి ఉంటుంది. కౌజుకు ఇటువంటి బహిరంగ ప్రదేశాలే అనుకూలం. తూర్పుగా మహబూబాబాద్ జిల్లాలోని గూడూరు, కొత్తగూడ, గంగారం, బయ్యారం మండలాలకు వచ్చేసరికి టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్లతో ఆకురాల్చు అడవి మొదలవుతుంది. ఇంకా ఉత్తరాన ఏటూరునాగారం, భూపాలపల్లి అడవులు గోదావరి వరకు వ్యాపించి ఉన్నాయి. దట్టమైన అడవిలో కౌజుకు బదులు అడవి కోడి, జిట్ట కోడి కనబడతాయి. కౌజు మాత్రం అడవి అంచులను, చేనుకు అడవికి మధ్యనున్న బీళ్ళను ఆశ్రయిస్తుంది.

ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం 2016 అక్టోబరు 11 వరకు వరంగల్ జిల్లాలో ఉండేది. ఆ రోజున మహబూబాబాద్, జనగామ, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుండి ములుగు జిల్లా విడివడింది. హైదరాబాదు సంస్థాన కాలంలో పాకాల అడవులు షికారుకు ప్రసిద్ధి. 1931-32లో సాలిం అలీ హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే జరిపాడు. సంస్థానపు పక్షులపై క్రమబద్ధమైన తొలి సమాచారం ఆ సర్వే ద్వారానే లభించింది. కాకతీయుల కాలపు పాకాల చెరువు చుట్టూ ఉన్న అడవిని 1952లో అభయారణ్యంగా ప్రకటించారు.

వేట పద్ధతి

కౌజు వేటలో ముఖ్యమైనది తుపాకి కాదు, దీమం. దీమం అనగా అడవి జంతువులను లేదా పక్షులను ఆకర్షించడానికి వేటగాడు పెంచి, మచ్చిక చేసిన జంతువు లేక పక్షి. కౌజు వేటకు మంచి కూత గల మగ కౌజును పిల్లగా ఉన్నప్పటి నుండి వెదురు పంజరంలో పెంచేవారు. దానికి చెదలు, గింజలు మేతగా పెట్టేవారు. వేటకు వెళ్ళేటప్పుడు పంజరంపై గుడ్డ కప్పి తీసుకువెళ్ళి, తెల్లవారక ముందే బీడులో ఉంచి, చుట్టూ వల గాని ఉచ్చులు గాని అమర్చేవారు.

వెలుగు రాగానే పంజరంలోని పిట్ట కూస్తుంది. ఆ చుట్టుపక్కల హద్దు ఏర్పరచుకున్న అడవి మగ పిట్ట దానిని తన భూమిలోకి చొరబడిన శత్రువుగా భావించి, బదులు కూస్తూ పోరాటానికి పరుగున వస్తుంది. అలా వచ్చినది వలలో చిక్కుతుంది. అనగా ఈ వేట ఆకలిపై కాక, పక్షి పౌరుషంపై వేసిన ఎర.

ఉత్తర అమెరికాలోని అడవి టర్కీ కోడి వేటతో దీనిని పోల్చవచ్చు. అక్కడ కూడా వేట కాలం వసంతమే, అక్కడ కూడా వేటగాడు కూతతోనే మగ పక్షిని రప్పిస్తాడు. అయితే అక్కడ వేటగాడు ప్రధానంగా పెట్ట కూతను అనుకరిస్తాడు. మగ టర్కీ జత కోసం వస్తుంది, మగ కౌజు జగడం కోసం వస్తుంది. అడవి టర్కీ 20వ శతాబ్ది ఆరంభంలో చాలా ప్రాంతాలలో అంతరించే దశకు చేరింది. పక్షులను పట్టి కొత్త అడవులకు తరలించడం, వేటకు కాలపరిమితి, లైసెన్సు విధించడం వలన తిరిగి లక్షల సంఖ్యకు పెరిగింది. అందువలన అక్కడ అనుమతితో వేట నేటికీ సాగుతున్నది. భారతదేశం ఇందుకు భిన్నంగా పూర్తి నిషేధపు మార్గాన్ని ఎంచుకున్నది.

వేట పడని కాలం

కూతపై ఆధారపడిన వేటలో నిరీక్షణే ఎక్కువ. పక్షి రాకపోవడానికి పలు కారణాలు ఉంటాయి.

ఎండ: వేసవిలో పక్షులు తెల్లవారుజామున, సాయంకాలం మాత్రమే చురుకుగా ఉంటాయి. పొద్దెక్కగానే పొదల నీడకు చేరి మౌనం వహిస్తాయి. కాబట్టి వేటగానికి దక్కేది ఉదయం కొద్ది సేపు మాత్రమే.

గాలి: ఈదురు గాలి ఉన్న రోజున దీమపు కూత దూరం వినబడదు, వచ్చే పక్షి అలికిడి వేటగానికి తెలియదు.

డేగ: ఆకాశంలో డేగ నీడ కనబడితే పంజరంలోని పిట్ట కూడా నేలకు కరచుకొని మూగబోతుంది. దీమం బెదిరితే ఆ పూట వేట ముగిసినట్టే.

మనుషుల సంచారం: మార్చి, ఏప్రిల్ నెలలలో ఇప్పపువ్వు ఏరడానికి, ఏప్రిల్, మే నెలలలో తునికాకు కోయడానికి జనం తెల్లవారకముందే అడవికి వెళ్తారు. ఇప్పపువ్వు కనబడటానికి చెట్ల కింద ఆకులు కాల్చే అలవాటు కూడా ఉన్నది. ఆ మంటలు అదుపు తప్పితే నేలపై గూడు పెట్టే పక్షులకు చోటు ఉండదు.

బెదురు: ఒకసారి వల నుండి తప్పించుకున్న పక్షి అదే దీమపు కూతకు మరల సులభంగా రాదు. దూరం నుండి బదులు పలుకుతుంది, పొద దాటి బయటకు రాదు. పలికిన పక్షి రాకపోవడం పలకని పక్షి కంటే వేటగానికి ఎక్కువ నిరాశ కలిగిస్తుంది.

వీటన్నింటికంటే ముఖ్యమైన కారణం పక్షులు తగ్గిపోవడం. బీళ్ళు పత్తి, మిరప చేలుగా మారడం, పురుగు మందుల వలన పిల్లలకు మేతయైన పురుగులు నశించడం, సంతానోత్పత్తి కాలంలోనే వేట సాగడం దీనికి దోహదం చేస్తాయి. వసంతంలో పట్టిన ఒక్కొక్క మగ పిట్టతో ఒక జత చెదురుతుంది. అందుచేత ఒక సంవత్సరపు మంచి వేట తరువాతి సంవత్సరపు కొరతకు కారణమవుతుంది. ప్రపంచ స్థాయిలో కౌజు ఆపదలో ఉన్న జాతి కాదు. అయినా ఒక ఊరి బీడులో దాని కూత వినబడకుండా పోవడానికి ఆ బీడు దున్నబడితే చాలు.

సమాజం, ఆచారాలు

పక్షుల వేట వృత్తిగా గలవారిలో పార్ధీలు ముఖ్యులు. వీరిని మీర్‌షికారీలు అని, తెలంగాణ వాడుకలో పిట్టలవారు అని కూడా అంటారు. కౌజులను, పూరేళ్ళను పట్టి సంతలలో అమ్మడం వీరి జీవనాధారంగా ఉండేది. వేట నిషేధంతో ఈ వృత్తి చట్టవిరుద్ధమైంది. భూమి లేని సంచార కుటుంబాలకు ప్రత్యామ్నాయ జీవనోపాధి చూపడం నేటికీ తీరని సమస్యగానే ఉన్నది.

కోయలకు వేట వృత్తి కాదు, వ్యవసాయంతో ముడిపడిన ఆచారం. తొలకరికి ముందు జరిపే విత్తన పండుగలో భూమిని పూజించడం, పురుషులు కలసి అడవికి వేటకు వెళ్ళడం పూర్వాచారం. ఇటువంటిదే విశాఖ మన్యంలో చైత్ర మాసంలో జరిగే ఇటుకల పండుగ. అక్కడ వేట నుండి వట్టి చేతులతో తిరిగి వచ్చిన పురుషులను స్త్రీలు ఎగతాళి చేయడం, పేడనీళ్ళు చల్లడం ఆనవాయితీ. విత్తే ముందు అడవి కరుణించిందా లేదా అన్నది ఆ సంవత్సరపు పంటకు శకునంగా భావించేవారు. కనుక వేట పడకపోవడం ఒక్కరి నిరాశ కాదు, ఊరందరి ఆందోళన.

తెలంగాణ జానపద కళలలో వేటగాని వైఫల్యానికి హాస్య రూపం పిట్టల దొర. ఇతనిని తుపాకి రాముడు, లత్కోర్ సాబ్ అని కూడా పిలుస్తారు. పాత ఖాకీ దుస్తులు, నెత్తిన టోపీ, చేతిలో కట్టె తుపాకి ధరించి, తాను చేయని వేటల గురించి, తనకు లేని ఆస్తుల గురించి గొప్పలు చెబుతూ ఊరూరా నవ్వించడం ఈ కళ ప్రత్యేకత.

తెలుగు కావ్యాలలో కూడా వేటకు ప్రముఖ స్థానం ఉన్నది. పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేట, ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో తిన్నని వేట ప్రసిద్ధమైన ఘట్టాలు.

చట్టపరమైన స్థితి

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. తొలుత కొన్ని జాతులను లైసెన్సుపై వేటాడే వీలుండేది. 1991 సవరణతో ఆ వీలు కూడా తొలగిపోయింది. చట్టం ప్రకారం చంపడం మాత్రమే కాదు, పట్టడం, ఉచ్చు వేయడం, తరమడం, గూళ్ళను గుడ్లను చెరపడం కూడా వేట క్రిందికే వస్తాయి. కావున దీమంతో పక్షిని ప్రాణాలతో పట్టినా అది నేరమే. 2022 సవరణ తరువాత సాధారణ ఉల్లంఘనకు మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అభయారణ్యంలో వేటాడితే కనీస శిక్ష మూడేళ్ళు, గరిష్ఠం ఏడేళ్ళు. కౌజులతో పందేలు నడపడం జంతు హింస నిరోధక చట్టం, 1960 క్రింద కూడా నేరం.

2006 నాటి అటవీ హక్కుల గుర్తింపు చట్టం గిరిజనులకు సాగు భూమిపై, చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై హక్కులు కల్పించింది. సాంప్రదాయ హక్కులను గుర్తించే చోట మాత్రం వేటాడే హక్కును స్పష్టంగా మినహాయించింది. అనగా తరతరాలుగా ఇప్పపువ్వు ఏరిన చోట ఏరుకొనే హక్కు కోయ కుటుంబానికి ఉన్నది, తరతరాలుగా వేటాడిన చోట వేటాడే హక్కు లేదు.

ప్రస్తుత పరిస్థితి

దీమం పెంచే నేర్పు క్రమంగా కనుమరుగవుతున్నది. దాని స్థానంలో వచ్చిన పద్ధతులు మరింత ప్రమాదకరమైనవి. అడవి పందుల కొరకు కొందరు విద్యుత్ తీగలను అడవిలో పరుస్తున్నారు. వీటికి ఇతర జంతువులతో పాటు మనుషులు కూడా బలవుతున్నారు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవులలో గాలింపు జరుపుతున్న ఒక గ్రేహౌండ్స్ జవాను ఇటువంటి తీగ తగిలి మరణించాడు. దీమం వేటగాడు తన పిట్ట కూత వింటూ వల పక్కనే కాచుకొని ఉండేవాడు. తీగ పరచినవాడు అక్కడ ఉండడు, తీగకు ఎవరు తగిలారో తెల్లవారితే గాని అతనికి తెలియదు.

మరోవైపు కౌజు కూతను వినడానికి, ఛాయాచిత్రాలు తీయడానికి తెల్లవారుజామున బీళ్ళకు వెళ్ళే పక్షి ప్రేమికుల సంఖ్య పెరుగుతున్నది. వారికి కూడా పక్షి కనబడని ఉదయాలే ఎక్కువ.

ఇవి కూడా చూడండి

పాకాల వన్యప్రాణి అభయారణ్యం
ఏటూరునాగారం వన్యప్రాణి అభయారణ్యం
కోయలు
పిట్టల దొర
పూరేడు పిట్ట
అడవి కోడి