కుటుంబరహస్య నవలలును మెట్టసీమ చరిత్రయును

నవలాపఠనము కాలక్షేపమాత్రమని పండితలోకమున నొక వాడుక కలదు. అందును కథాంతమువఱకు దాఁచియుంచిన కుటుంబరహస్యమును క్రమముగా విప్పిచూపు నవలలయెడ నీ యనాదర మధికము. ఇవి పాశ్చాత్యులనుండి యెరువు తెచ్చుకొన్న కుతూహలమును పోషించుటకే పుట్టినవనియు, మన చరిత్రతో వీనికి సంబంధము లేదనియు తలఁచువారు పెక్కురు. కృష్ణామండలపు మెట్టసీమ యనఁబడుచు వచ్చి, 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల చరిత్రను ఈ నవలల ప్రక్కనుంచి పరిశీలించినచో ఆ యభిప్రాయము నిలువదు. “ఈతఁ డెవరి బిడ్డ?” అను ప్రశ్న యీ నవలలలోఁ బెక్కింటికి మూలము. తెలుగున నవల పుట్టుటకుఁ బూర్వమే వంశమును గూర్చిన విచారణ యీ సీమలో ఱాతిమీఁదను, న్యాయస్థానమందును నడచియున్నది.

మొదట ఱాతి సంగతి. జగ్గయ్యపేట చెంతనున్న బౌద్ధస్తూపమును 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించెను. అచ్చటి ఆయకస్తంభములపై ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని యిరువదవ రాజ్యసంవత్సరమునాటి ప్రాకృతశాసనములు కలవు. సిద్ధార్థుఁడను శిల్పి స్తంభములను దానము చేసి, తన తండ్రి నాగచంద్రుని, తల్లి నాగిలనిని, భార్య సముదనిని, బిడ్డలను, సోదరులను పేరుపేరున చెక్కించెను. పుణ్యమునందు భాగము కలుగవలెనన్న నెవరి కెవరేమగుదురో లోకమునకుఁ దెలియవలెను. కుటుంబము తన్నుఁ దాను బట్టబయలుగా ప్రకటించుకొనుట కిది యీ సీమలోఁ బ్రాచీనోదాహరణము. నవలలోని రహస్యమునకు సరిగా నెదుటికోటి యిదియే.

తరువాతిది వ్యాజ్యము. జగ్గయ్యపేటకా పేరు రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయనివారి తండ్రియగు జగ్గయ్యనుబట్టి వచ్చినది. ఔరససంతానము లేని నాయనివారు జగన్నాథబాబును మొదట దత్తత చేసికొని, ఆతఁడు జీవించియుండఁగనే రామనాథబాబును గూడ దత్తత చేసికొనిరి. 1816లో వారు స్వర్గస్థులైన పిమ్మట సంస్థానమెవరిదన్న వివాదము పుట్టెను. అది మదరాసు రాజధానిలోని న్యాయస్థానములను దాటి లండనునందలి ప్రీవీకౌన్సిలువఱకుఁ బోయెను. మొదటి దత్తపుత్రుఁడు సజీవుఁడై యుండఁగా రెండవ దత్తత చెల్లదని యా సభవారు 1846లో తీర్పు చెప్పిరి. రంగమ్మ, అచ్చమ్మల పేరిట నా తీర్పు హిందూధర్మశాస్త్ర వ్యవహారమున ప్రసిద్ధము.

ఈ వ్యాజ్యమున దాఁచిన జన్మరహస్య మేదియు లేదు. ఆ యిరువురు దత్తపుత్రులును లోకవిదితులే. అయినను ప్రశ్న తెగుటకు ముప్పదియేండ్లు పట్టినది. తెలిసిన దత్తతయే యింతటి వివాదమునకుఁ గారణమైనప్పుడు, తెలియని పుట్టుక యెంతటి కల్లోలమునకు మూలము కాఁగలదో యూహింపవచ్చును. దాయభాగము, వివాహమున సగోత్రసపిండనిషేధము, పితృకర్మాధికారము, ఇవి మూఁడును జన్మజ్ఞానముపై నాధారపడినవి. కావున నవలలోని రహస్యము వట్టి వినోదము కాదు. అది బయటపడినపుడు భూమి చేతులు మాఱును, పెండ్లి నిలిచిపోవును, పిండ మెవరు పెట్టవలెనో మాఱిపోవును.

కుటుంబరహస్యకథ మనకుఁ గ్రొత్తయును కాదు. భారతమందు కర్ణుని పుట్టుకను కుంతి గోపనము చేయుటయే మహారహస్యము. అచ్చట శ్రోతకు సర్వము తెలియును; పాత్రలకుఁ దెలియదు. భయమును, జాలియును ఆ భేదమునుండి పుట్టును. పింగళి సూరన కళాపూర్ణోదయమున మార్గమును మార్చి, పాత్రల పూర్వవృత్తాంతమును పాఠకునినుండియే దాఁచి, కథను వెనుకనుండి విప్పుకొనివచ్చెను. కట్టమంచి రామలింగారెడ్డి 1914నాటి కవిత్వతత్త్వవిచారమున నా కావ్యమును విమర్శకు లక్ష్యముగాఁ జేకొనుటకు దాని యపూర్వమైన కథాసంవిధానమును ఒక కారణము. నేఁటి రహస్యనవల నడచునది సూరన నడచిన మార్గముననే.

తెలుగు నవల తొలియడుగులోనే యీ వస్తువు కనఁబడును. నరహరి గోపాలకృష్ణమసెట్టి 1872లో ప్రకటించిన శ్రీరంగరాజచరిత్రమున రంగరాజు ప్రేమించిన సోనాబాయి లంబాడీలలోఁ బెరిగినది. ఆమె జన్మము వేఱని పిదపఁ దేలును. కందుకూరి వీరేశలింగము 1878నాటి రాజశేఖరచరిత్రమున మృతురాలని బంధువులు తలఁచిన రుక్మిణి పురుషవేషమున జీవించియుండును. ప్రథమనవల యేదియన్న వివాదమున నీ రెండు గ్రంథములును చిరకాలముగాఁ బోటీపడుచున్నవి. ఏది ప్రథమమైనను, బంధువును బంధువుగా గుర్తింపలేకపోవుటయు, పిదప గుర్తించుటయు రెంటను గలవు.

ఇతరభాషలతోఁ బోల్చిన నొక విశేషము గోచరించును. విల్కీ కాలిన్సు 1859-60లలో పత్రికయందు వారము వారము ప్రకటించిన ‘శ్వేతాంబర’ కథలో సర్ పెర్సివల్ గ్లైడు తన తలిదండ్రులకు వివాహమే జరుగలేదన్న సంగతిని మఱుగుపఱచుటకు దేవాలయపు వివాహపుస్తకమున దొంగవ్రాఁత చేర్చును. అచ్చట రహస్య ముండునది కాగితమున. బంకించంద్రుని 1865నాటి దుర్గేశనందినిలో విమల వీరేంద్రసింహుని ధర్మపత్ని యన్న సంగతి బహుకాలము మఱుగున నుండి, యామె వ్రాసిన లేఖచే వెల్లడియగును. ఇచ్చట రహస్య ముండునది మనిషి మనస్సున. పుట్టుకలును పెండ్లిండ్లును పుస్తకమున కెక్కు దేశములో నవలాకారుఁడు దొంగవ్రాఁతను వెదకును. పెద్దల జ్ఞాపకమే సాక్ష్యముగా నడచిన దేశములో నతఁడు దాదిని, వృద్ధసేవకుని, ఒంటిమీఁది మచ్చను, చిన్ననాఁటి నగను ఆశ్రయించును. ఈ భేదము సమాజచరిత్ర కుపకరించు సాక్ష్యము.

ఇరువదవ శతాబ్ది తొలిపాదమున నపరాధపరిశోధక నవల తెలుగున స్థిరపడెను. దేవరాజు వేంకటకృష్ణరావు వ్రాసిన నవల పేరు ‘వాడే వీడు’. ఆ రెండు మాటలలోనే యీ జాతి కథల లక్షణమంతయు నిమిడియున్నది. ఆ పిమ్మట కొవ్వలి లక్ష్మీనరసింహారావు వేయి నవలలు వ్రాసెననియు, అవి రైలుస్టేషనులలో విరివిగా నమ్ముడుపోయెననియు ప్రసిద్ధి. శతాబ్ది మధ్యమునుండి కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధరుఁడు పాఠకుల యింటిమనిషి యయ్యెను.

ఈ సీమవారు గ్రంథవ్యాప్తికిఁ జేసిన సేవ స్వల్పము కాదు. కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావు 1877లో పెనుగంచిప్రోలున జన్మించెను. అయ్యదేవర కాళేశ్వరరావు నందిగామవాఁడు. చుట్టును నిజాము రాజ్యముండఁగా నందిగామ తాలూకాలోఁ జేరియుండిన మునగాల పరగణాకు లక్ష్మణరావు దివానుగా నుండెను. 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమునకును, 1906నాటి విజ్ఞానచంద్రికామండలికిని ఆయన కృషి మూలాధారము. మండలివారు చరిత్రశాస్త్రగ్రంథములతోఁ బాటు నవలలను గూడ ప్రకటించిరి. కాని వారు పోటీలు పెట్టి ప్రోత్సహించినది చారిత్రకనవలను. దేశచరిత్ర తెలియని ప్రజకు దానిని తెలుపుట వారి యుద్దేశము, అది యుచితమే. 1914లో బెజవాడయందు జరిగిన గ్రంథాలయమహాసభకు నవలాకారుఁడగు చిలకమర్తి లక్ష్మీనరసింహమే యధ్యక్షుఁడు. ఇట్లు నవలకు గౌరవము లభించినను, రహస్యనవలకుమాత్ర మందు భాగము దక్కలేదు.

ఈ నవలలు బుద్ధిని మందగింపఁజేయునను నాక్షేపమును విచారింపవలసియున్నది. రహస్యనవల చదువువాఁడు ప్రతిపుటయందును అనుమానప్రమాణమును ప్రయోగించుచునే యుండును. ఉంగరము దొరకినది, కావున వచ్చినవాఁ డా యింటిబిడ్డ యని యతఁ డూహించును. ఉంగరము దొంగిలింపఁబడినదని తరువాతి ప్రకరణమునఁ దెలియును. నైయాయికులు సవ్యభిచార మనెడి హేత్వాభాస మిదియే. తర్కసంగ్రహమున సూత్రముగాఁ జదివినదానిని పాఠకుఁ డిచ్చట ననుభవముగాఁ దెలిసికొనును. నిర్వహణసంధియం దద్భుతరస ముండవలెనని నాట్యశాస్త్ర మాదేశించుచున్నది. ఆ యద్భుతము ముందు విత్తిన బీజమునుండియే మొలవవలెను. రహస్యము వెల్లడియైన పిమ్మట పాఠకుఁడు మొదటి పుటలకు మరలి, “ఇది యిచ్చటనే చెప్పఁబడినది గదా!” యని తలయూఁచెనేని యా నవల యుత్తమము. ముందు సూచింపని క్రొత్తవానిని తెచ్చి ముడి విప్పినచో నధమము. ఈ విధమున గుణదోషవిచారమునకుఁ దావున్న రచనను విమర్శకుఁడు త్రోసివేయుట తగదు.

ఇంకొక విషయము. ఈ కథలలో రహస్యభారమును మోయునది ప్రాయికముగా స్త్రీ. కుంతి మోసినది, విమల మోసినది, 1862లో బ్రాడ్డన్ వ్రాసిన ఆడ్లీ ప్రభ్వి మోసినది. వాసిరెడ్డివారి వ్యాజ్యమున సైతము చరిత్రకు మిగిలిన పేరులు రంగమ్మ, అచ్చమ్మలవే. తీర్పులలో నిట్టి స్త్రీల యధికారము చర్చింపఁబడును గాని వారి మనస్సు కనఁబడదు. రహస్యము నేల దాఁచినది, దాఁచి యేమి యనుభవించినది యని యడిగి యుత్తరము చెప్పునది నవలయే. పాఠకుఁడు ముడి విప్పుటకై చదువ మొదలిడి, ముడి వేసినదాని దుఃఖమును దెలిసికొని ముగించును. ఈ ఫలము చారిత్రకనవలవలనఁ గలుగుట యరుదు.

సిద్ధార్థుని ఱాయి పదునేడు శతాబ్దులు నిలిచినది. వాసిరెడ్డివారి తీర్పు న్యాయగ్రంథములలో పదిలముగా నున్నది. చౌకకాగితముపై నచ్చయి, చేతులు మాఱి, పుటలు రాలి నశించునది యీ నవల యొక్కటే. ఒక తరము కుటుంబమును గూర్చి బయటఁ జెప్పుకొన్నదేమో శాసనములును తీర్పులును చెప్పును. లోలోపల భయపడినదేమో యీ నవలలు చెప్పును. పల్లెల గ్రంథాలయములలో మూలఁబడియున్న ప్రతులను తూకమునకు వేయక పట్టిక వ్రాసి కాపాడుట, శాసనముల యచ్చుప్రతులు తీయుటతో సమానమైన పరిశోధనకార్యము.