మన నేల అడుగును చదివిన సంస్థ

1961 అక్టోబరు 11న హైదరాబాదులో పుట్టిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు 2021లో అరవై ఏళ్ళు నిండాయి. ఈ వజ్రోత్సవ వేళ మా ఊరు కళ్యాణదుర్గం తరఫున నాలుగు మాటలు రాయమని ప్రత్యేక సంచిక సంపాదక సంఘంవారు కోరడం నా భాగ్యం.

1964లో డైరెక్టరుగా వచ్చిన డాక్టర్ హరి నారాయణ్ గారిని తలచుకోనిదే ఈ చరిత్ర మొదలుకాదు. భూమిని ఒక గ్రహంగా, నిలువెల్లా చదవాలన్న సంకల్పానికి ఆయన పునాది వేశారు.

1967 డిసెంబరులో మహారాష్ట్రలోని కొయనా జలాశయం దగ్గర వచ్చిన భూకంపం దాదాపు 180 మందిని బలిగొంది. దక్కను గట్టినేల, కదలదు అనుకున్నవాళ్ళంతా నిర్ఘాంతపోయారు. సంస్థకు అప్పటికి ఆరేళ్ళే. జలాశయంలో నీరు చేరితే నేల కంపిస్తుందా అన్న ప్రశ్నను సంస్థ శాస్త్రవేత్తలు వదలలేదు. హర్ష్ గుప్తా, రస్తోగీ గార్లు 1976లో వెలువరించిన ‘డ్యామ్స్ అండ్ ఎర్త్‌క్వేక్స్’ ప్రపంచానికి ప్రమాణగ్రంథమైంది. తర్వాతి ఏళ్ళు విస్తరణలో గడిచాయి.

2007లో సంస్థకు చెందిన ప్రకాశ్ కుమార్ గారి బృందం ‘నేచర్’ పత్రికలో భారత ఫలకం మందం సుమారు 100 కిలోమీటర్లేనని, అందుకే అది ఒకప్పుడు ఏడాదికి 18-20 సెంటీమీటర్ల వేగంతో ఉత్తరానికి సాగిందని ప్రతిపాదించింది. మరి పూర్వం మందమెంత? దానికి సాక్ష్యం మన జిల్లాలోనే ఉంది. వజ్రకరూరు, లత్తవరం, కళ్యాణదుర్గం ప్రాంతాల కింబర్లైట్ శిలలు సుమారు 110 కోట్ల ఏళ్ళ నాడు లోతుల్లోంచి ఎగదన్నుకొచ్చినవి. ఫలకం అడుగున అప్పుడున్న లోతైన వేరు తర్వాత మాయమైందని 2009లో ‘లిథోస్’ పత్రికలో శాస్త్రవేత్త గ్రిఫిన్ గారితో కలిసి రాసినవారిలో సంస్థకు చెందిన బాబు గారున్నారు.

ఈ పరిశోధనల వెనక నిలిచిన జీపు డ్రైవర్లు, రాళ్ళు కోసిన ప్రయోగశాల సహాయకులు, డ్రిల్లింగ్ కూలీలు, తొలి సర్వేలు చేసిన జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జి.ఎస్.ఐ.) వారు, పొలంలో అడుగుపెట్టనిచ్చిన రైతులు, అందరికీ వందనం.

ఒక వెలితి మాత్రం చెప్పక తప్పదు. ఈ నేల గురించిన వ్యాసాలకు సైటేషన్లు వస్తున్నాయి కానీ, వాటి సారం తెలుగులో ఈ నేలకు తిరిగి రాలేదు. గ్రానైటు నేలలో నీరు ప్రధానంగా పగుళ్ళలో దొరుకుతుందని శాస్త్రం ఎన్నడో తేల్చింది. ఇక్కడి రైతు ఇంకా అరచేతిలో కొబ్బరికాయ నిలబడిన చోట నీళ్ళుంటాయని నమ్మి, అప్పు చేసి బోరు వేస్తున్నాడు. ఆ బోర్లు ఎండితే ఆ నష్టం ఏ సైటేషన్ల లెక్కలోనూ చేరదు.

మా మండలాల రాళ్ళ గురించి, నీళ్ళ గురించి ఇంటర్మీడియట్ పిల్లలు చదువుకోగల చిన్న తెలుగు పుస్తకం ఈ ఉత్సవాల్లోనే వెలువడాలి. దాని అచ్చుఖర్చులో మా ఊరి వాటా మేమే భరిస్తాం.