కంబాలపల్లి వ్యాజ్యము - సాక్షి మాటకు విలువ

అపీలు న్యాయస్థానము సాక్షిని చూడదు. అతని వాఙ్మూలపు ప్రతిని మాత్రమే చదువును. కావుననే, నిర్దోషులని విడిచిన తీర్పును మార్చుటకు ముందు, సాక్షిని కన్నులార చూచిన న్యాయాధిపతి యభిప్రాయమునకు తగిన విలువ నీయవలెనని ప్రీవీ కౌన్సిలు 1934లో షియో స్వరూప్ వ్యాజ్యమున నిర్దేశించెను. బలవంతపు అపహరణమైనను, హత్యయైనను కొలత యిదే.

తెలుగు ఇంటిభాషగా గలవారనేకులున్న కోలారు మండలమున నీ సూత్రమునకు కఠినపరీక్ష యెదురైనది. 2000 మార్చి 11న చింతామణి తాలూకా కంబాలపల్లిలో (2007 నుండి యిది చిక్కబళ్ళాపురము జిల్లాలోనిది) ఏడుగురు దళితులు సజీవదహనము చేయబడిరి. విచారణలో సాక్షులు మాట మార్చిరి. 2006లో కోలారు న్యాయస్థానము నిందితులను విడిచిపుచ్చెను. 2014లో కర్ణాటక హైకోర్టు ఆ తీర్పునే స్థిరపరచెను.

ఎదురుతిరిగిన సాక్షి మాట యంతయు త్రోసివేయదగినది కాదని సుప్రీంకోర్టు 1976లోనే చెప్పియుండెను. నిజమే. కాని పోలీసులకు తొలుత చెప్పిన మాట సాక్షిని ఖండించుటకే గాని నేరమును నిరూపించుటకు చెల్లదు. బోనులో నిలిచి నిందితుల నెరుగనని సాక్షి పలికినచో, పై న్యాయస్థానమునకు తూచుటకు మిగులునదేమి? తన యూరనే బ్రదుకవలసిన వాని నోట ఆ మాట భయమున వచ్చినదో, రాజీవలన వచ్చినదో కాగితము చెప్పజాలదు. సాక్షుల రక్షణ పథకమును సుప్రీంకోర్టు ఆమోదించినది 2018లో. హైకోర్టు తీర్పు వెలువడి అప్పటికి నాలుగేండ్లు.