లారా (1944 నాటి చలనచిత్రము)

అపరాధ పరిశోధనమును ప్రణయగాథతో ముడివైచి, ఆటో ప్రెమింజర్ దర్శకత్వమున ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ సంస్థ విడుదల గావించిన అమెరికను చిత్రము. వేరా కాస్పరీ నవల దీనికి మూలము. ఫిల్మ్ నోయర్ అని పిదప ప్రసిద్ధికెక్కిన ధోరణికి చెందిన తొలినాటి చిత్రములలో నిది యొకటి.

న్యూయార్కునందు ప్రకటనల సంస్థలో ఉన్నతోద్యోగము చేయుచున్న లారా హంట్ (జీన్ టియర్నీ) తన యింటి ద్వారముకడనే తుపాకికి బలియయ్యెనను వార్తతో కథ ఆరంభమగును. విచారణకై వచ్చిన మార్క్ మెక్‌ఫర్సన్ (డానా ఆండ్రూస్) అను డిటెక్టివు, ఆమె ఉత్తరములను, దినచర్యను చదువుచు, గోడనున్న ఆమె చిత్తరువును మాటిమాటికి పరికించుచు, తానెన్నడును చూచి యెరుగని మృతురాలిపై మనసుపడును. ఒక వానరాత్రి మద్యము సేవించి ఆ చిత్తరువు క్రింద కుర్చీలోనే అతడు నిద్రపోగా, తలుపు తెరచుకొని లారా సజీవయై లోనికి వచ్చును. చంపబడినది వేరొక స్త్రీ. హంతకుడెవ్వడో చిత్రము చూడనివారి కిచట వెల్లడించుట న్యాయము కాదు.

మొదట దర్శకుడుగా నియుక్తుడైన రూబెన్ మమూలియన్ చిత్రించిన భాగములు స్టూడియో అధిపతి డారిల్ జానక్‌కు రుచింపకపోవుటచే, అంతవరకు నిర్మాతగా నున్న ప్రెమింజరే ఆ బాధ్యతయు వహించెను. మమూలియన్ భార్య చిత్రించిన చిత్తరువును తొలగించి, టియర్నీ ఛాయాచిత్రమును పెద్దది చేయించి, దానిపై తైలవర్ణములు పూయించిరి. ప్రేక్షకులను మోహపెట్టిన ఆ వర్ణచిత్రము నిజమునకు ఫొటోయే. డేవిడ్ రాక్సిన్ కూర్చిన స్వరము చిత్రమంతట పునరావృతమగుచు, లారా తెరపై లేని ఘట్టములందును ఆమె ఉనికిని స్ఫురింపజేయును.

న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు థామస్ ప్రయర్ చిత్రమందలి ఉత్కంఠను, సంభాషణల పదునును, క్లిఫ్టన్ వెబ్ నటనను మెచ్చుకొనుచునే, అంతగా కీర్తింపబడిన లారా తీరా ప్రత్యక్షమైనపుడు ఆశాభంగమే కలిగినదని తలచెను. అయిదు ఆస్కారు ప్రతిపాదనలలో ఛాయాగ్రాహకుడు జోసెఫ్ లాషెల్‌కు మాత్రమే బహుమతి దక్కెను. యుద్ధకాలమున ఫ్రాన్సునకు చేరని అమెరికను చిత్రములు 1946లో ఒక్కమారుగా వచ్చిపడగా, నీనో ఫ్రాంక్ అను విమర్శకుడు ఫిల్మ్ నోయర్‌ను గూర్చి వ్రాసిన వ్యాసమున దీనిని చేర్చెను. 1999లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికయందు స్థానము లభించినది.

నిద్రించుచున్న డిటెక్టివును కెమెరా సమీపించి మరల వెనుకకు జరుగుటను పట్టుకొని, తదుపరి కథయంతయు అతని స్వప్నమేయని కొందరు విమర్శకులు వ్యాఖ్యానించిరి. ఆ వాదమును పూర్తిగా అంగీకరింపకున్నను, ప్రయర్ ఎంచిన లోపము లోపము కాదనవచ్చును: మెక్‌ఫర్సన్ వలచినది పటమును, వచ్చినది మనిషి.