ఒప్పంద న్యాయంలో నమ్మిక - మన్యం భూములు: సమత తీర్పు నేపథ్యం

ఒకరి హామీని నమ్మి మరొకరు ధనమో శ్రమో వెచ్చించినప్పుడు, మాట తప్పినవారే ఆ నష్టాన్ని భరించాలన్నది ఒప్పంద న్యాయంలోని ముఖ్య భావన. 1936లో లాన్ ఫుల్లర్, విలియం పర్డ్యూ ఈ నమ్మికను నష్టపరిహారానికి ప్రత్యేక ప్రాతిపదికగా వివరించారు. భారతదేశంలో ప్రామిసరీ ఎస్టాపెల్ సూత్రం ద్వారా ఇది ప్రభుత్వ హామీలకూ వర్తించింది. అమ్మకపు పన్ను మినహాయింపు హామీని నమ్మి కర్మాగారం నెలకొల్పిన మోతీలాల్ పదంపత్ షుగర్ మిల్స్ పక్షాన సుప్రీంకోర్టు 1978లో తీర్పు ఇచ్చింది. అయితే చట్టం నిషేధించిన పనిని ప్రభుత్వం చేత చేయించడానికి ఈ సూత్రం తోడ్పడదు. ఈ పరిమితి ప్రాధాన్యం విశాఖ మన్యం చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

మైదాన ప్రాంతంలో కొనుగోలుదారుకు భరోసానిచ్చే దస్తావేజే ఏజెన్సీలో గిరిజనుడు భూమిని కోల్పోవడానికి సాధనమైంది. అందువల్ల కొండజాతులవారు ఏజెంటు అనుమతి లేకుండా ఇతరులకు చేసే భూబదిలీలు చెల్లవని 1917 నాటి మద్రాసు చట్టం నిర్దేశించింది. 1959 నాటి ఒకటవ రెగ్యులేషన్ ఈ నియంత్రణను కొనసాగించగా, ‘1/70’గా ప్రసిద్ధమైన 1970 సవరణ దానిని మరింత బిగించింది. గిరిజనేతరుల స్వాధీనంలోని భూమి, అందుకు విరుద్ధంగా రుజువయ్యేవరకు, గిరిజనుల నుంచే సంక్రమించిందని భావించాలన్నది ఇందులోని కీలకాంశం. రుజువు భారం ఆ విధంగా భూమి తనదనే గిరిజనేతరునిపై పడింది. పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు 1988లో ఈ నిబంధనలను సమర్థించింది.

అనంతగిరి మండలం బొర్రా పరిసరాల్లో ప్రభుత్వమే గిరిజనేతరులకు గనుల లీజులు ఇచ్చినప్పుడు కొత్త ప్రశ్న తలెత్తింది: ఈ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందా? సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు 2:1 ఆధిక్యంతో వర్తిస్తుందని తేల్చింది. ‘వ్యక్తి’ అనే పదంలో ప్రభుత్వమూ చేరుతుందని, షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని ప్రకటించింది. జస్టిస్ జి.బి. పట్నాయక్ విభేదించారు.

ప్రభుత్వ సంతకాన్ని నమ్మి పెట్టిన పెట్టుబడి కూడా చెల్లని లీజును చెల్లుబాటు చేయలేదన్నది ఈ తీర్పు పర్యవసానం. గిరిజనులు తరతరాలుగా ఆ నేలను నమ్ముకొని బతికారు. వారి నమ్మికకు పునాదిగా ఎవరి హామీ గాని, పత్రం గాని లేదు. కాబట్టి ఒప్పంద న్యాయం దానిని గుర్తించలేదు. బదిలీ నిషేధమే దానికి రక్షణ అయింది. ఆ నిషేధం సడలిన నాడు వారికి ఒప్పంద న్యాయంలో ఆశ్రయం దొరకదు. 1/70 సవరణపై చర్చలన్నింటిలోనూ గుర్తుంచుకోవలసిన అంశమిదే.